పది కాన్పుల పుస్తకం

యాదలక్ష్మి చేతుల మీదుగా ఈ లోకంలోకి వచ్చిన పిల్లలు ముగ్గురు. పదిమంది వచ్చారని ఆమె శుక్రవారంలోగా సంతకం చేయాలి. చేయకపోతే బీఎస్సీ నర్సింగ్ చివరి ఏడాది ప్రసూతి పరీక్షకు హాల్‌టికెట్ రాదు.

చేసిన కాన్పులు రాసుకునే కేస్‌బుక్ చివరి పేజీలో ఇంగ్లీషులో ఒక వాక్యం అచ్చయి ఉంటుంది. పై ప్రసవాలను విద్యార్థిని స్వయంగా నిర్వహించినట్లు ధ్రువీకరిస్తున్నామని దాని అర్థం. ఆ వాక్యం కింద మూడు సంతకాలు: విద్యార్థినిది, ట్యూటర్‌ది, ప్రిన్సిపాల్‌ది. ముగ్గురూ చదువుకున్నవారే. 'స్వయంగా' అన్న మాటకు అర్థం ముగ్గురికీ తెలుసు.

కాలేజీ ఎల్‌బీ నగర్ దాటి, కర్మన్‌ఘాట్ మీదుగా నాదర్‌గుల్ వెళ్లే దారిలో ఉంది. ఊరి పొలాలు ప్లాట్లయ్యాక కట్టిన నాలుగంతస్తుల భవనం. కింది అంతస్తు ముహూర్తాల రోజుల్లో ఇప్పటికీ ఫంక్షన్ హాలే. కాలేజీకి అనుబంధంగా ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉన్నట్లు కాగితాల్లో ఉంది, నిజంగానే ఉంది. అయితే అక్కడ నెలకు నలభై కాన్పులు జరిగితే అందులో ముప్పై ఆరు ఆపరేషన్లు. మిగిలిన నాలుగింటి కోసం నలభైమంది విద్యార్థినులు ఎదురుచూడాలి. సర్కారు దవాఖానలో రెండు వారాల పోస్టింగ్ ఇచ్చారు. అక్కడ ఒక్కో మంచం చుట్టూ నాలుగు కాలేజీల పిల్లలు మునివేళ్ల మీద నిలబడి తొంగిచూశారు. ఆ రెండు వారాల్లో యాదలక్ష్మికి దక్కినవాళ్లే ఆ ముగ్గురు. నిబంధన పది అడిగింది. కాలేజీ మూడు ఇచ్చింది. ఆ తేడాను పూడ్చవలసిన బాధ్యత మాత్రం ఇరవై రెండేళ్ల అమ్మాయి పెన్నుకు వచ్చి పడింది.

మంగళవారం ట్యూటర్ సౌజన్య మేడం పాత బ్యాచ్‌ల కేస్‌బుక్కులు ఒక సంచిలో తెచ్చి బల్ల మీద కుమ్మరించింది.

"పేర్లు మార్చుర్రి, నంబర్లు మార్చుర్రి. తారీకులు జర చూస్కోండ్రి. పోయినసారి ఒకామె ఫిబ్రవరి ముప్పై అని రాసింది, నా ఇజ్జత్ పోయింది."

అందరూ వంగి రాస్తున్నారు. కాసేపటికి యాదలక్ష్మి పక్కన కూర్చున్న జ్యోతిక తలెత్తింది. "ఏయ్ లక్కీ, గీ స్వప్న ఎవలే? నా దాంట్ల ఉన్నది, నీ దాంట్ల గూడ ఉన్నది."

వెతికితే ఆరు పుస్తకాల్లో కనిపించింది. స్వప్న, ఇరవై మూడేళ్లు, కర్మన్‌ఘాట్, రెండో కాన్పు, ఆడపిల్ల, రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. ఐదు బ్యాచ్‌లుగా ఆమె ప్రసవిస్తూనే ఉంది.

"ఐదేండ్ల సంది ఇరవై మూడేండ్లేనంట! ఏం క్రీమ్ రాస్తదో అడుగుర్రి," అన్నారెవరో వెనక బెంచీ నుంచి.

"ఎన్నిసార్లు కన్నా రెండో కాన్పే. మొగడు లెక్క మర్చిపోయిండు పాపం."

క్లాసంతా నవ్వింది. సౌజన్య మేడం కూడా నవ్వింది. యాదలక్ష్మీ నవ్వింది. నవ్వుతూనే ఆలోచించింది: మొదటి పుస్తకంలో ఈ స్వప్న నిజమే అయి ఉండాలి. ఎప్పుడో ఒక సాయంత్రం ఒక ఆడమనిషి నిజంగా నొప్పులు పడింది, ఒక విద్యార్థిని నిజంగా పక్కన నిలబడింది. ఆ తర్వాతివన్నీ ఆమె నీడలు. చివరి గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. ప్రతి పుస్తకంలో, ప్రతి కాన్పుకూ అదే మాట: బిడ్డ పుట్టిన వెంటనే ఏడ్చెను.

యాదలక్ష్మి పట్టుకున్న మూడో బిడ్డ ఏడవలేదు.

నెల క్రితం, సర్కారు దవాఖానలో. బిడ్డ జారి చేతుల్లోకి వచ్చింది. నీలంగా, మెత్తగా, చప్పుడు లేకుండా. అప్పుడేం చేయాలో యాదలక్ష్మికి వరుసగా తెలుసు. పరీక్షలో పది మార్కుల ప్రశ్న అది. కానీ ఆమె చేతులు తువ్వాలు పట్టుకుని అలాగే ఉండిపోయాయి. స్టాఫ్ నర్సు ఇంద్రాణి మోచేత్తో ఆమెను పక్కకు నెట్టి, బిడ్డను తుడిచి, వీపు రుద్ది, ముక్కు మీద మాస్కు పెట్టి, ఊపిరి అందేలా గాలి బ్యాగ్ నొక్కింది. బిడ్డ ఏడ్చాక ఇంద్రాణి వెనక్కి తిరిగింది.

"ఏందమ్మా, బొమ్మ లెక్క నిలబడ్డవ్? ఎన్నోది నీకు?"

"మూడోది మేడం."

"పుస్తకంల ఎన్నోది?"

యాదలక్ష్మి చేతిలోని తువ్వాలును మడిచింది.

"రాస్తరు, అందరు రాస్తరు. గా రాసినోళ్లే రేపు నా పక్కన డ్యూటీకొస్తరు. నేను ఒక్కదాన్నే నలుగురి పని చేస్త."

క్లాసులో యాదలక్ష్మి పుస్తకం మూసింది. "నేను రాయను మేడం."

"ఎక్స్‌ట్రాలు చెయ్యకే," అని జ్యోతిక ఆమె చున్నీ పట్టి లాగింది.

పైన నాదర్‌గుల్ ఎయిర్‌ఫీల్డ్‌లో పైలట్ శిక్షణకు వాడే విమానం ఒకటి గరగరమంటూ తిరుగుతోంది. యాదలక్ష్మి కిటికీ వైపు చూపించింది. "గా పైలట్ గూడ ఎగరకుండనే ఎగిరిన అని రాసుకుంటే?"

"అయితే నీ మీదనే పడ్తడు. హాల్‌టికెట్ లేక గ్రౌండ్‌ల ఖాళీగ నిలబడేది నువ్వొక్కదానివే గద!" అంది జ్యోతిక.

బుధవారం ప్రిన్సిపాల్ గదికి పిలుపు వచ్చింది. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన ఆవిడ గొంతు ఎప్పుడూ పెంచదు.

"నీకు ముందు ఐదు బ్యాచ్‌లు వెళ్లాయమ్మా. ఎవరికీ రాని నొప్పి నీకే వచ్చిందా?"

"నొప్పులు వచ్చినోళ్లు ముగ్గురే మేడం. మిగిలిన ఏడుగురికి రాలే."

ఎగతాళి చేయాలని అనలేదు. ఉన్నదే చెప్పింది. ప్రిన్సిపాల్ ముఖం బిగుసుకుంది.

"మళ్ల పోస్టింగ్ ఇప్పించుర్రి మేడం. ఎన్ని రోజులైనా పోత."

"పరీక్ష పది రోజుల్లో ఉంది. సరే, నువ్వేం రాయొద్దు. వేరే అమ్మాయి చేత రాయిస్తాను. నువ్వు సంతకం పెట్టేసి వెళ్లు."

ఆ మాటను జాగ్రత్తగా చదవాలి. నేర్పవలసిన చదువును నేర్పలేదు. రాయవలసిన రాతను ఇంకొకరు రాస్తారు. సంతకం మాత్రం ఆమెదే కావాలి. ఎందుకంటే రేపు ఏ వార్డులోనైనా ఏదైనా జరిగితే, నాకు నేర్పలేదని చెప్పుకునే హక్కును ఆ సంతకంతోనే ఆమె చేత వదిలించవచ్చు. విద్యార్థినులకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. సంతకం పెట్టించుకునేవారికి మాత్రం బాగా తెలుసు.

గురువారం యాదలక్ష్మి కాలేజీకి పోలేదు. ఎల్‌బీ నగర్ నుంచి మొదలుపెట్టి, కొత్తపేట దాటి, దిల్‌సుఖ్‌నగర్ వరకు మెట్రో స్తంభాల నీడన నడుస్తూ, దారిలో కనిపించిన ప్రతి నర్సింగ్ హోమ్ మెట్లూ ఎక్కింది. నార్మల్ కాన్పు ఉంటే పక్కన నిలబడనిస్తారా అని అడిగింది. ఒక రిసెప్షన్‌లో అమ్మాయి తలెత్తకుండానే, "ఎన్నో నెల?" అంది. ఇంకోచోట, "ఇక్కడ అన్నీ సిజేరియన్లే అక్కా, డాక్టర్ గారికి ఖాళీ ఉండదు," అన్నారు. తొమ్మిది చోట్ల తిరిగింది. ఒక్కచోటా ఒప్పుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి తల్లి కిష్టమ్మ బియ్యం కడుగుతోంది. నకిరేకల్ పక్క ఊరి నుంచి పద్నాలుగేళ్ల క్రితం వచ్చింది మొదలు కిష్టమ్మ, విద్యార్థినులను లోపలికి రానివ్వని ఒక ప్రసూతి నర్సింగ్ హోమ్‌లో ఆయాగా చేస్తోంది. తండ్రి మట్టయ్య బత్తాయి లోడు వ్యాన్ నడుపుతాడు. కాలేజీ నుంచి ఫోన్ అప్పటికే వచ్చింది.

"రాయి బిడ్డా. చేతులు జోడిస్త. ఒక్క సంతకానికి ఏడాదంత ఆగం జేసుకుంటవా? నా బిడ్డ సిస్టర్ అయితదని వార్డంత చెప్పుకొని తిరుగుతున్న."

"నువ్వెన్ని కాన్పులు చూసినవమ్మా?"

"నేనేమన్న రాసుకున్ననా? వందలు."

"బిడ్డ ఏడ్వకపోతే ఏం జేస్తవ్?"

"ఉరికి సిస్టర్‌ను పిలుస్త."

"గా సిస్టర్ నేనే అయితే?"

కిష్టమ్మ చేయి నీళ్లలోనే ఆగింది. కూతురి ముఖం కేసి చూసింది. గిన్నె పొయ్యి మీద పెట్టి, మూత పెట్టింది. పొద్దున యాదలక్ష్మి చెప్పులు వేసుకుంటుంటే, "మీ నాయనకు నేను జెప్త. నువ్వు చెప్తే లొల్లయితది," అంది.

శుక్రవారం యాదలక్ష్మి పుస్తకం అప్పజెప్పింది. మూడు కాన్పులు రాసి ఉన్నాయి. మూడోదానికి ఎదురుగా, బిడ్డ వెంటనే ఏడవలేదని, తాను ఏమీ చేయలేకపోయానని, స్టాఫ్ నర్సు చేసిందని రాసింది. స్వప్న పేరుతో మొదలుపెట్టిన పేజీతో సహా మిగిలిన ఏడు పేజీలకూ మూల నుంచి మూలకు అడ్డగీత కొట్టి, గీత మీద సంతకం పెట్టింది. రోగి రికార్డులో ఖాళీ వదలకూడదు, వదిలితే ఎవరైనా నింపుతారు: మొదటి ఏడాదిలో వాళ్లే నేర్పిన పాఠం. ప్రిన్సిపాల్ పేజీలు తిప్పి, పుస్తకం వెనక్కి తోసింది. హాల్‌టికెట్ల జాబితాలో ముప్పై తొమ్మిది పేర్లు వచ్చాయి.

మెట్ల మీద సౌజన్య మేడం ఎదురైంది. చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"నేను చదువుకున్నప్పుడు చేసినవి రెండే యాదలక్ష్మీ. మిగిలినవన్ని రాసినయే. ఆరేండ్ల సంది మీకు చెప్తున్న." హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక కాగితం తీసింది. సర్కారు దవాఖానకు పోస్టింగ్ లెటర్. క్లినికల్ కోఆర్డినేటర్ హోదాలో ఆమె సంతకం. "ట్యూటర్ లేకుంట నిన్ను లోపలికి రానియ్యరు. నేనొస్త. ప్రిన్సిపాల్ మేడంకు తెలిస్తే చూసుకుందాం."

పరీక్ష రోజు ఉదయం, ముప్పై తొమ్మిది మంది హాల్లో ప్రశ్నపత్రం విప్పే వేళకు, వీళ్లిద్దరూ ప్రసూతి వార్డు తలుపు దగ్గర నిలబడ్డారు. ఇంద్రాణి లెటర్ చదివింది.

"ఇయ్యాల మీకు పరీక్ష గద?"

"నాకు ఆరు నెలలకు సప్లిమెంటరీ ఉంటది మేడం. అప్పటిదాంక ఇంక ఏడు కావాలె."

"ఏడు తర్వాత. గా మూలకున్న మంచం మీదామెకు నొప్పులు దగ్గరపడ్డయ్. పోయి ముందుగాల పేరడుగు."

సౌజన్య మేడం చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. యాదలక్ష్మి మంచం దగ్గరికి పోయి వంగింది. "అక్కా, నీ పేరేంది?"

ఆమె పళ్లు బిగించి, యాదలక్ష్మి మణికట్టు దొరకబుచ్చుకుంది. "పేరు తర్వాత చెప్తగని, జర నడుము పట్టుకో సిస్టర్."

యాదలక్ష్మి కేస్‌బుక్‌ను కిటికీ గట్టు మీద పెట్టి, ఆమె నడుము పట్టుకుంది.