బాబు వదిలేసిన నెయ్యన్నం

పదకొండేళ్లుగా ఒక నింద మోస్తున్నాను. అది నా మీద పడ్డది కాదు, నేను ఇంకొకరి మీద వేసింది. నేను మతిమరుపు మనిషిని కాను. ఏ ఏడు ఏ చేను ఎన్ని బస్తాలు పండిందో అడక్కుండానే చెప్పగలను. కాబట్టి ఇది తెలియక జరిగిందని మీరు అనుకోవద్దు.

తొంభై ఎనిమిదిలో, మనవడికి పద్నాలుగో నెల నడుస్తుండగా మా గేదె ఈనింది. కోడలు అమలాపురంలో టీచరు. పొద్దున్న బస్సెక్కితే సాయంత్రానికి గాని రాదు. పగలు బాబుకి అన్నం పెట్టి ఆడించడానికి నాగమణిని పెట్టుకున్నాం. ఏడాది దాటిన పిల్లాడికి రోజుకి రెండు గ్లాసుల పాలు చాలు, మిగతా ఆకలికి పప్పన్నం, గుడ్డు పెట్టాలని కోడలు చెప్పి వెళ్లేది.

పాడి ఉన్న ఇంట్లో రెండు గ్లాసులా? నాకు నవ్వొచ్చింది. కొబ్బరికాయలు కూడా లెక్కపెట్టి దింపించే నేను పాలకి లెక్క పెట్టలేదు. లేస్తే పాలు, ఏడిస్తే పాలు, అన్నం వేళకి ముందు ఒళ్లో కూచోబెట్టుకుని మరో సీసా. ఎందుకు? నాగమణిని చూస్తే వాడు చేతులు చాచేవాడు. నా దగ్గరికి సీసా చూస్తేనే వచ్చేవాడు. ఇది చెప్పడానికి నింద సంగతి కంటే ఎక్కువ సిగ్గుగా ఉంది.

వాడు అన్నం మానేశాడు. ఒళ్లు బొద్దుగానే ఉంది, ముఖం మాత్రం పాలిపోయింది. గోడ సున్నం గీకి నాకేవాడు. ఒక మధ్యాహ్నం నూతి గట్టు మీద నాగమణి బాబు గిన్నెలోని అన్నం తింటూ కనబడింది.

"ఏమే, బాబు నోటిదగ్గరిది నువ్వు మింగుతున్నావా? అందుకేనా వాడలా పాలిపోయేడు?"

"అయ్యో, మామ్మగారూ! రెండు ముద్దలు పెడితే ఉమ్మేసేడండీ. నెయ్యన్నం కదండీ, పారెయ్యలేక తింటన్నాను."

"రోజూ పారెయ్యలేకేనా? బాగానే నున్నబడ్డావులే!"

"ఒట్టండీ. అన్నానికి ముందు ఆ సీసా ఇవ్వకుండా ఒక్కరోజు చూడండీ. కడుపు నిండినోడు ఎలా తింటాడండీ? మనమైనా తినలేం కదండీ."

నా ఇంటి పాలకే వంక పెడుతుందా? ఆ పూటే పొమ్మన్నాను. అరుగు మీద నిలబడి, వీధిలో అందరూ వినేలా పొమ్మన్నాను. అప్పటికి నేనన్నది నిజమనే నమ్మాను. అంతవరకూ అది కోపం. తప్పు చేసింది ఆ తరవాతి వారం.

కోడలికి సెలవు దొరక్క బాబుని నేనే డాక్టరుగారికి చూపించాను. ఆవిడ కంటిరెప్ప కిందికి లాగి చూసి, రక్తం బాగా తక్కువగా ఉందన్నారు. పాలు ఎన్నిసార్లని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ వయసులో పాలతోనే కడుపు నింపితే తిండి తినరు, రక్తం పట్టడానికి కావలసిన ఇనుము పాలలో దొరకదు, రెండు గ్లాసులు దాటనివ్వకండి అన్నారు. మందు రాసిచ్చారు. బస్సులో వస్తున్నంతసేపూ నాగమణి అన్నదే చెవిలో వినబడింది.

ఇంటికొచ్చి, రక్తం తక్కువట, మందిచ్చారని మాత్రం చెప్పాను. పాలు చడీచప్పుడూ లేకుండా తగ్గించాను. వాడు గిన్నె ఖాళీ చేయడం మొదలుపెట్టాడు. నెలలు గడిచేకొద్దీ బుగ్గలకి రంగొచ్చింది. అప్పుడు వీధంతా ఏమంది? ఆ మనిషి పోయింది, బిడ్డ తేరుకున్నాడంది. మీరు కనిపెట్టకపోతే ఏమైపోయేవాడో అని కోడలు నా చేతులు పట్టుకుంది. నేను కాదనలేదు. పరువు పోతుందనే కాదనలేదు. అంతకంటే మంచి కారణం ఏదైనా ఉందేమోనని నాలో నేను చాలా వెతుక్కున్నాను. లేదు.

పిల్లల్ని ఆడించే పని నాగమణికి ఊళ్లో మళ్లీ ఎవరూ ఇవ్వలేదు. కొబ్బరిపీచు పనికి వెళ్లేది. ఒకసారి దారిలో ఎదురుపడి, బాబు అన్నం తింటున్నాడా అని అడిగింది. తింటున్నాడన్నాను. "ఆయ్, అదే చాలండీ" అని వెళ్లిపోయింది. తరవాత ఊరే వదిలేసింది. ఎక్కడికి వెళ్లిందో నేను కనుక్కోలేకపోయానంటే అబద్ధం. కనుక్కోలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. నాగమణి మా బాబు అన్నం దొంగతనంగా తినలేదు. వాడు వదిలేసింది తింది. వాడికి ఆకలి లేకుండా చేసింది నేను. ఉన్నదంతా రాశాను. సాయంత్రం కోడలు బస్సు దిగి వస్తుంది. మీకంటే ముందు తనే చదువుతుంది.