ముచ్చట లేని చిలుక

గౌలిపురలో పాలవాళ్ల ఇళ్లు దాటాక వచ్చే సన్నగల్లీలో, ఒక్క అర్రలో ఉండేది వరమ్మ. మోదుగాకులతో విస్తర్లు కుట్టడం ఆమె పని. వారానికోసారి వైకుంఠం సేటు దుకాణం మనిషి వచ్చి కట్టలు ఎత్తుకుపోయేవాడు. పెనిమిటి ఆగయ్య గల్లీగల్లీకి నల్లా నీళ్లు వదిలే సర్కారు నౌకరీ చేస్తూ, ఏడేళ్ల కిందట కాలం చేశాడు. పిల్లలు లేరు.

ఆయన పోయిన ఏటి నుంచి వరమ్మ కార్తీకమాసమంతా మౌనం పట్టేది. తెల్లవారి స్నానం మొదలు సాయంత్రం చుక్క పొడిచేదాకా నోరు విప్పేది కాదు. శివుడికి ఇచ్చుకోవడానికి తన దగ్గర వేరే ఏముంది, మాటే కదా అనుకునేది. ఆమె మౌనం సంగతి గల్లీలో చాలామందికి తెలియనే తెలియదు. మిగతా పదకొండు నెలలూ ఆమెను పలకరించేవాళ్లు అంతంతమాత్రమే మరి.

ఆ ఏడు కార్తీకానికి నాలుగు రోజుల ముందు, పక్కింటి ఖైరున్నిసా చిలుక పంజరం పట్టుకొని వచ్చింది. ఆమెదీ ఒంటరి బతుకే. గుల్బర్గాలో ఉన్న కూతురికి కాన్పు.

"వరమ్మా, మూణ్నెల్లు మా మిట్టూను జర చూస్కో. పొద్దున నానబెట్టిన శెనగలు, మాపటికి ఒక పచ్చిమిర్చి. గంతే."

"సూస్కుంట, నువ్వు ఫికర్ చెయ్యకు బేగమమ్మా."

చెప్పినదానికన్నా ఎక్కువే చేసింది వరమ్మ. శెనగలు పొట్టు తీసి పెట్టింది. పిల్లికి అందకుండా పంజరాన్ని దూలానికి కట్టింది. రెండు పూటలా నీళ్లు మార్చింది.

మొదటి వారం చిలుక "మిట్టూ, మిట్టూ" అని పిలిచింది. వరమ్మ తలెత్తి నవ్వి, మళ్లీ ఆకులో పుల్ల గుచ్చేది. రెండో వారానికి పిలవడం మానేసింది. తర్వాత శెనగలు మానేసింది. ఒకనాడు పొద్దున చూస్తే పంజరం కింద పచ్చటి ఈకలు రాలి ఉన్నాయి. రొమ్ము మీది ఈకలు తానే పీక్కుంటోంది. లోపలి తోలు ఎర్రగా కనబడుతోంది.

వరమ్మ మిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేసింది. పసుపు, నూనె కలిపి రాయబోతే వేలు కొరికింది. జామపండు కోసి పెడితే ముట్టలేదు. నమ్మి చేతిలో పెట్టిపోయిన ప్రాణం తన ఇంట్లో పోతుందేమోనని ఆమెకు ముద్ద దిగలేదు.

పాలు పోసే గుండయ్య వచ్చాడు. కార్తీకంలో శివుడి పేరున ఆమె చెంబులో ఇంత ఎక్కువే పోసేవాడు. పంజరం చూసి ఆగిపోయాడు.

"ఏందక్కా, గిది గిట్ల బోడిగైంది?"

తినడం లేదని చేత్తో చూపింది వరమ్మ.

"నీ గొంతుకేమైంది?"

ఆమె శివుడి పటం వైపు చూపి చేతులు జోడించింది.

"ఓ, నోటికి గూడ ఒక్కపొద్దేనా? మా ఇంటిదానికి జర నేర్పియ్యరాదే." పంజరం దగ్గరికి జరిగాడు. "ఏం మిట్టూ సేటూ, కోపమొచ్చిందా? మీ అమ్మ ఊరికి వోయిందా?"

చిలుక మెడ తిప్పింది. ఒంటికన్నుతో అతణ్ణి చూసి, తీగల దాకా జరిగి వచ్చింది. వారం నుంచి అది అంత దూరం కదిలింది లేదు.

గుండయ్య పాలబిందె కింద పెట్టాడు. "అక్కా, మా బర్రెకు దూడ సచ్చిపోతే మూడు దినాలు కుడితి ముట్టలే. మా అవ్వ పక్కన పీటేస్కోని కూసుండి పొద్దుమూకులు దాంతోని మాటముచ్చట వెట్టింది. గప్పుడు తిన్నది. దీనికి రోగం లేదు. ముచ్చట లేదు."

ఇంకా పోయాల్సిన ఇళ్లున్నాయని వెళ్లిపోయాడు.

వరమ్మ అలాగే నిలబడింది. గోడ అవతల నుంచి పొద్దంతా మాటలు వినబడేవి. చుట్టాలొచ్చారు కాబోలు అనుకునేది తను. ఖైరున్నిసా ఇంటికి చుట్టాలు వచ్చిందెప్పుడు? కూర మాడిందని, మోకాలు గుంజుతోందని, ఆ మాటలన్నీ దీంతోనే. అవీ దీని తిండేనని పాపం ఆమెకే తెలియదు. తెలిస్తే శెనగలతో పాటు చెప్పిపోయేది.

ఇంకా ఎండైనా ముదరలేదు. చుక్క పొడవడానికి పొద్దంతా ఉంది, అప్పటికి చిలుక ముడుచుకొని పడుకుంటుంది. ఏడు కార్తీకాలు ఒక్క మాట జారకుండా గడిపింది. శివుడి పటం చూసింది. చిలుక రొమ్ము చూసింది. తాడు విప్పి పంజరాన్ని కిందికి దించి, ఎదురుగా పీట వేసుకుంది.

నోరు తెరిచిందే గాని ఏం మాట్లాడాలో తోచలేదు.

"మిట్టూ," అంది. గొంతు వేరెవరిదో అన్నట్టు బొంగురుగా ఉంది. "నాకు మీ ఉర్దూ మంచిగ రాదు బిడ్డా. తెలుగుల జెప్త."

చిలుక కదలలేదు. వరమ్మ ఒక ఆకు అందుకుంది.

"గిది మోదుగాకు. గిట్ల పుల్ల గుచ్చాలె." రెండు విస్తర్లు అయ్యేదాకా ఆకుల మాటలే చెప్పింది. తర్వాత అవీ అయిపోయాయి. "మా ఆయన నల్లా ఇడిసేటోడు. ఏ గల్లీల నీళ్లు రాకున్నా ఆయన్నే తిట్టేటోళ్లు. ఇంటికొచ్చి గా తిట్లన్ని నాకు జెప్పి నవ్వేటోడు. అన్నం పెట్టుకుంట ఇనేదాన్ని. గీ ముచ్చట ఎవ్వరికి జెప్పలే. ఎవ్వరడుగలే."

మధ్యాహ్నానికి చిలుక తీగల దగ్గరికి వచ్చింది. పొద్దు వాలేవేళ ఒక శెనగ గింజ కొరికి, సగం తిని సగం రాల్చింది.

చుక్క పొడిచింది. వరమ్మకు గొంతు దాదాపు పోయింది. దీపం వెలిగించి, పటం ముందు చేతులు జోడించింది.

"సామీ, ఇయ్యాల తప్పు జేసిన," అంది మెల్లగా. పంజరం వైపు చూసి, "రేపు గూడ జేస్త," అంది.