నీటిగ్రహం వకీలు

'గగననౌక' సీరియల్లో మూడొందల పైచిలుకు భాగాలుంటే, అందులో ఎవడికీ నచ్చనివి ఆరు. ఆ ఆరింటి తరఫున వాదించడానికి దేవుడు ప్రత్యేకంగా పుట్టించిన వకీలు మా గవర్రాజు మావయ్య.

ఆయన వకీలూ కాదు, నాకు మావయ్యా కాదు. టీవీ మెకానిక్. వాళ్ళ నాన్న పోర్టులో ఉద్యోగానికి అమలాపురం వైపు నుంచి వచ్చి విశాఖపట్నంలో స్థిరపడితే, ఈయన వన్‌టౌన్‌లో, ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళే దారిలో షాపు పెట్టాడు. ఆదివారం పొద్దున్న పదింటికి ఆ షాపులో బాగైన టీవీలూ, సగం బాగైన టీవీలూ అన్నిట్లోనూ గగననౌకే. ఒకదాన్లో కెప్టెన్ పచ్చగా ఉండేవాడు, ఒకదాన్లో నిలువునా సాగిపోయి ఉండేవాడు, ఇంకోదాన్లో గొంతు మాత్రమే వచ్చేది. ఇంట్లో టీవీ లేని నాలాంటివాళ్ళకి అదే సినిమా హాలు.

ఎక్కడో విదేశాల్లో తీసి తెలుగులోకి డబ్ చేసిన సీరియల్ అది. అంతరిక్షంలో దారి తప్పిన ఓడ ఒకటి ఏళ్ళ తరబడి ఇంటికి రావాలని చూస్తుంటుంది. "శత్రుయానము సమీపించుచున్నది సార్!" అని అరుస్తారు అందులో. అయినా నాకు నచ్చేది. మా ఊళ్ళో పెద్దవాళ్ళు మాట్లాడుకునేవి మూడే విషయాలు: స్టీల్ ప్లాంట్లో ఉద్యోగం, మధురవాడలో స్థలం, ఎవరి బావమరిదికి ఏ యూనియన్లో పలుకుబడి ఉందన్నది. వారానికి ఒక గంట వాటి నుంచి కొన్ని కోట్ల మైళ్ళ దూరం పోగలిగితే ఎవడు కాదంటాడు?

అలాంటి సీరియల్లో 'నీటిగ్రహం' అని ఆరు భాగాలు తగలడ్డాయి. తీసినవాళ్ళకి డబ్బైపోయిందో, బుద్ధైపోయిందో తెలీదు. ఓడ వెళ్ళి ఒక గ్రహం మీద సముద్రంలో పడుతుంది. ఇంజను ఆగిపోతుంది. ఇక ఆరు వారాల పాటు కొంతమంది మనుషులు ఒకే గదిలో కూర్చుని మంచినీళ్ళ కోసం తగువులాడుకుంటారు. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. నీలం గుడ్డ కింద ఎవరో చేతులు ఆడిస్తున్నారని చంటిపిల్లకి కూడా తెలుస్తుంది. నాలుగో భాగంలో ఒక రాక్షసి వస్తుంది. దాని వీపున జిప్పు ఉంటుంది.

"జిప్పు కాదురా అది, వెన్నెముక," అనేవాడు గవర్రాజు మావయ్య.

"వెన్నెముకకి పట్టుకు లాగే పిడి ఉంటాదేటి మావయ్యా?"

"వాళ్ళ గ్రహంలో ఉంటుందేమో. నువ్వెళ్ళి చూశావా?"

"మీరెళ్ళారేటి?"

"వెళ్ళలేదు కాబట్టే తీసినవాళ్ళ మాట నమ్ముతున్నాను. ఆయ్!"

ఆ 'ఆయ్' అన్నాక ఇక అప్పీలు ఉండేది కాదు.

సందీప్ అని ఇంజనీరింగ్ కుర్రాడు ఒకడు వచ్చేవాడు. వాళ్ళ నాన్న స్టీల్ ప్లాంట్లో ఆఫీసరు. ఇంట్లో ఇరవైతొమ్మిది అంగుళాల టీవీ ఉంది. కానీ సీరియల్ అయ్యాక తిట్టుకోవడానికి మనుషులు ఉండరని ఇక్కడికి వచ్చేవాడు. వాడు ఒకసారి, "ఆరు వారాల్లో కథ అంగుళం కదల్లేదండీ," అన్నాడు.

"ఓడ ఆగిపోతే కథ ఎక్కడికి కదులుతుంది బాబూ? నీ బైకు ఆగిపోతే నువ్వు ముందుకెళ్తావా?"

"మరి కెప్టెన్ని ఆరు భాగాలూ వెనకనించే చూపించారేంటండీ? ఆ నటుడు గొడవపడి మానేశాడట, ఇంకెవడి వీపో చూపించారట."

"బాధలో ఉన్న మనిషి మొహం చూపిస్తాడా? నాకు కష్టం వచ్చినప్పుడు మీ అత్తయ్యగారిని అడుగు, నా వీపే కనిపిస్తుంది."

లోపలి నుంచి ఆయన భార్య తాయారు అత్తయ్య గొంతు వచ్చేది. "కష్టం ఎందుకు, పనుందన్నా అదే కనిపిస్తుంది!"

నేను గ్రంథాలయంలో దొరికిన విజ్ఞాన పుస్తకాలన్నీ నమిలేసి వాదనకు వెళ్ళేవాణ్ణి. ఆ గ్రహం ఆకర్షణశక్తి సీరియల్లో చెప్పినంత తక్కువైతే నీళ్ళు అసలు నిలవవని ఒక ఆదివారమంతా బల్ల మీద సుద్దముక్కతో లెక్క వేసి చూపించాను. ఆయన లెక్కంతా ఓపిగ్గా చూసి, "చాలా బాగుంది. అంత కష్టం మీద నిలబడ్డ నీళ్ళని నువ్వు వెటకారం చేస్తున్నావన్నమాట," అన్నాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

శ్రీరామ్మూర్తి మాష్టారి సంగతి ఇంకా ఘోరం. రిటైరైన తెలుగు పండితుడు. రిపేరుకిచ్చిన టీవీ తీసుకెళ్ళడానికి వచ్చి, మాటవరసకి, "ఆ నీటిగ్రహం వచ్చినన్నాళ్ళూ మా సెట్టు చెడిపోయి ఉంటే బాగుండేదోయ్," అన్నారు. మావయ్య చేతిలో ఉన్న టీవీని మళ్ళీ అలమారలోకి తోసేశాడు.

"అయితే ఇంకా బాగవలేదండి."

"ఇప్పుడే బొమ్మ చూపించావు కదయ్యా!"

"బొమ్మ వస్తోందండి. చూసేవాళ్ళు ఇంకా బాగవ్వాలి."

నెల్లాళ్ళు పట్టింది మాష్టారికి టీవీ విడిపించుకోవడానికి. చివరికి, "ఆ భాగాల్లో కరుణరసం ఉంది," అని అందరి ముందూ ఒప్పుకుని, సెట్టు రిక్షాలో ఎక్కించాక వెనక్కి తిరిగి, "ప్రేక్షకుల పట్ల!" అని అరిచి పారిపోయారు.

ఇదంతా ఎన్నాళ్ళైనా భరించేవాణ్ణి. కానీ వ్యవహారం చివరికి నా పీక మీదికే వచ్చింది.

సీరియల్ ఆఖరి భాగం నేను చూడలేదు. ఓడ ఇల్లు చేరిందో లేదో తేలిన ఆ ఒక్క ఆదివారం, అప్పటికి నేను పనిలో చేరిన కాంట్రాక్టరు నన్ను పరవాడలో ఓవర్‌టైముకి తోలాడు. అప్పటి నుంచి ఎవరు ఆ మాట ఎత్తినా చెవులు మూసుకుని బయటికి పరిగెత్తేవాణ్ణి. సందీప్ గాడికి అదొక ఆట. "ఇంతకీ ఓడ..." అనేవాడు, నేను వీధి చివర తేలేవాణ్ణి. ఆఖరి భాగం టేపు ఊళ్ళో ఒక్కరి దగ్గరే ఉంది. మా వీధులకి కేబుల్ ఇచ్చే గంగరాజు దగ్గర. ఆయన దాన్ని చెరిపేసి వాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షన్ ఎక్కించబోతున్నాడని తెలిసి ఆయన ఇంటికి పరిగెత్తాను.

కాళ్ళావేళ్ళా పడితే, టేపు చేతికివ్వనని చెప్పి ఆయన ఒక దారి చూపించాడు. వచ్చే ఆదివారం సాయంత్రం లోకల్ ఛానల్లో ఒక గంట ఖాళీ ఉంది. పాత భాగం ఏదైనా ఒకటి వేస్తాడు. మా షాపువాళ్ళం తేల్చుకుని ఫోన్ చేయాలి.

ఆ ఆదివారం మధ్యాహ్నం షాపులో చేతులెత్తాం. ఆఖరి భాగానికి నేను, సందీప్, మాష్టారు. మూడు చేతులు. నీటిగ్రహం మొదటి భాగానికి మావయ్య. ఒక చెయ్యి, అందులో సోల్డరింగ్ ఐరన్.

"అయిపోయింది మావయ్యా. ఫోన్ చేసేత్తన్నాను."

"ఒరేయ్, ఒక్కసారి ఇలా రా."

షాపు వెనక పాడైపోయిన పిక్చర్ ట్యూబుల మధ్యకి లాక్కెళ్ళాడు. ఆయన మొహంలో వకీలు లేడు.

"తాతబాబు తెలుసుగా? బోటు నడుపుతాడు, సరంగు. నేనూ వాడూ ఒకే బెంచీలో చదివాం."

"తెలుసు. అయితే ఏటి?"

"సీరియల్ వచ్చిన అన్నేళ్ళూ వాడు సముద్రం మీదేరా. ఒడ్డునున్న ఆదివారాలు పొద్దున్నే చేపలు దించుకోవడంతో సరి, వేసవులు బోటు మరమ్మతులతో సరి. ఒక్క వేసవిలో మాత్రం, వేట నిషేధం అప్పుడు, బోట్లన్నీ కట్టేశాక ఇక్కడికొచ్చి కుదురుగా చూశాడు. సరిగ్గా ఆ నెలన్నరలోనే ఈ దరిద్రం వచ్చింది."

దరిద్రం! ఆయన నోటి నుంచి! నేను ఒక ట్యూబు మీద కూర్చోబోయి తమాయించుకున్నాను.

"అన్నీ చూశాక, ఎలా ఉందంటావు బావా, మిగతావన్నీ ఇంతకంటే బాగుంటాయా అని అడిగాడు. ఏం చెప్పను? మూడొందల్లో నువ్వు చూసిన ఆరే చెత్త, మళ్ళీ నీకు చూసే యోగం లేదు అని చెప్పనా? వీటిని మించినవి లేవు బావా, నువ్వు అదృష్టవంతుడివి అన్నాను. వాడి మొహం వెలిగిపోయింది."

"ఆయనకి సెప్పారు, బాగుంది. మా అందర్నీ ఇన్నేళ్ళు చంపడం ఎందుకు?"

"వాడి బోటు ఎప్పుడొస్తుందో నాకు తెలుసా? వాడు గుమ్మంలోకి వచ్చేసరికి మీలో ఎవడో ఒకడు తిడుతూ ఉంటే? అందుకని రోజూ మీ నోళ్ళు నొక్కుతూ ఉండాల్సి వచ్చింది." ఆయన గొంతు తగ్గించాడు. "ఇప్పుడు మళ్ళీ నిషేధం. వాడు సముద్రం మీద తన కలాసీలకి ఈ కథే చెప్పాడట. సాయంత్రం అది వేయిస్తానని నేను నోరు జారాను, అందర్నీ వెంటబెట్టుకొస్తున్నాడు."

నేను వెళ్ళి ఫోన్ తీశాను. "నీటిగ్రహం మొదటిది," అన్నాను.

సందీప్ నన్ను చూసిన చూపు ఇప్పటికీ వీపు మీద ఉంది. "ఎంతకి అమ్ముడుపోయావు?" అన్నాడు. మాష్టారు గొడుగు తీసుకుని లేచారు గానీ, బయట ఎండ చూసి మళ్ళీ కూర్చున్నారు.

సాయంత్రం తాతబాబు వచ్చాడు. వెనకాల అరడజను మంది కలాసీలు. షాపు నిండిపోయింది. అందరిలోకీ పెద్ద శాల్తీ సింహాద్రి అనేవాడు ముందు కూర్చుని, చేతులు రుద్దుకుంటూ నన్ను అడిగాడు.

"ఇందులోనే కదేటి తమ్ముడా, తిమింగలం ఓడని మింగీసేది?"

నేను మావయ్యని చూశాను. మావయ్య తాతబాబుని చూశాడు. తాతబాబు సీలింగ్ ఫ్యాను చూస్తున్నాడు.

సీరియల్ మొదలైంది. ఓడ గుడ్డ మీద పడింది. మనుషులు గదిలో కూర్చున్నారు. ఒకడు నీళ్ళు అడిగాడు. ఇంకొకడు ఇవ్వనన్నాడు. అరగంట అయ్యాక మొదటివాడు మళ్ళీ అడిగాడు.

"తిమింగలం ఏదీ సరంగూ?" అన్నాడు సింహాద్రి.

"ఒత్తాది, ఉండు."

"కెప్టెన్‌ గోరి అత్త కత్తట్టుకుని ఎప్పుడొత్తాది? నువ్వు సెప్తే ఏడిసినాం కదేటి ఆ రోజు!"

"ఓడలో పెళ్ళి ఏదీ? పెళ్ళి కూడా ఉందన్నావు!" అన్నాడు వెనకనించి ఇంకొకడు.

టీవీలో పేర్లు పడసాగాయి. షాపు మొత్తం తాతబాబు వైపు తిరిగింది. అంత మనిషీ ముడుచుకుపోయాడు. మాట మీద బోటు నడిపే మనిషి, తన బోటు వాళ్ళ ముందు. గవర్రాజు మావయ్య నోరు తెరిచాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ నోట్లోంచి ఏ వాదనా రాలేదు.

ఎలా లేచానో తెలీదు, లేచి నిలబడి ఉన్నాను.

"ఇది కోసేసిన కాపీ అన్నా! ప్రకటనల కోసం సగం లేపేశారు. తిమింగలం పోయింది, అత్తగారు పోయారు, పెళ్ళి మొత్తం పోయింది. దొంగనాయాళ్ళు మంచివన్నీ కోసేసి మంచినీళ్ళ గొడవ ఒక్కటే ఉంచారు!"

సందీప్ ఏదో అనబోయాడు. వాడి కాలు నా కాలి కింద ఉంది.

మాష్టారు మెల్లగా లేచి గొంతు సవరించుకున్నారు. "నేను పూర్తి ప్రతి చూశాను నాయనా. ఆ తిమింగలం అడ్డం తిరిగే ఘట్టం ఉందే, నా జన్మలో అంతటి వీరరసం చూడలేదు."

"మేస్టారే సూసినారంట!" అన్నాడు సింహాద్రి. అందరూ కలిసి ఛానల్ వాళ్ళని సముద్రభాషలో తిట్టడం మొదలుపెట్టారు. తాతబాబు వీపు నిటారుగా అయింది.

తాయారు అత్తయ్య టీలు తెచ్చింది. ఆ సందడిలో తాతబాబు నన్ను గుమ్మం బయటికి తీసుకెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు.

"పరువు నిలబెట్టినావు తమ్ముడా. నీకో మాట సెప్తాను, బావకి సెప్పకు."

"సెప్పు."

"నాకా భాగాలు మొదట్నించీ నచ్చలేదు. అంత సెత్త నాను ఎక్కడా సూడలేదు."

"మరి సముద్రం మీద అందరికీ సెప్పడం ఏటి?"

"ఏటి సెయ్యను? బావకి ఆ ఆరంటే ప్రాణం. ఎప్పుడొచ్చినా ఆటి కోసం ఎవుడితోనో దెబ్బలాడతానే ఉంటాడు. ఒక్కడైపోనాడు పాపం. ఆడు అంత గొప్పదంటే మా కుర్రోళ్ళకి సెప్పకుండా ఉంటే బాగుంటాదా? ఉన్నదున్నట్టు సెప్తే నిద్దరోతారు. అందుకని తిమింగలాన్ని నానే ఏసినాను. ఆ అత్తగారు మా అత్త పోతమ్మే."

అదీ సంగతి. ఇద్దరు మనుషులు, ఇద్దరికీ నచ్చని ఆరు భాగాలు, ఒకరి కోసం ఒకరు ఏళ్ళ తరబడి మోస్తున్నారు. మధ్యలో నా ఆఖరి భాగం గంగలో కలిసింది.

లోపల ఫోన్ మోగితే ఇద్దరం వెళ్ళాం. పక్కనే ఉన్న సందీప్ తీసి నాకు ఇచ్చాడు. అవతల గంగరాజు.

"తమ్ముడూ, ఇప్పుడు ఛానల్లో వెయ్యాల్సిన ఎవరిదో పెళ్ళి కేసెట్ ఇంకా రాలేదు. ఇంకో గంట ఖాళీ దొరికింది. నీ ఆఖరి భాగం టేపు చేతిలోనే ఉంది. వేసేయమంటావా? రేపైతే అమ్మాయి ఫంక్షన్ ఎక్కించేస్తాను."

నేను ఫోన్ చేత్తో మూసి, "ఇంకో గంట ఉందట, ఏది వెయ్యమంటారు?" అని అడిగాను.

మావయ్య తాతబాబుని చూశాడు. తాతబాబు మావయ్యని చూశాడు. ఇద్దరి మొహాల్లోనూ ఒకటే దయ.

"నీటిగ్రహం రెండోది!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

నేను ఫోన్లో ఆ మాటే చెప్పాను.

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు గంగరాజు. "ఎవరు చూస్తారయ్యా దాన్ని?"

"ఏం చెప్పమంటారు గంగరాజు గారూ," అన్నాను, "ఇక్కడ అందరికీ అదంటే ప్రాణం."