బయట కూసునే పని

మా ఆయన పోయిన కొన్నేండ్లకు గానీ ఆయన జేసిన పనికి పేరేందో నాకు తెల్వలే. నాకు సదువు రాదు. నేను చెప్తుంటే నా బిడ్డ రాస్తుంది.

మేం ఉండేది పంజాగుట్ట ఎనక బస్తీల. మా ఆయన మొదలు సనత్‌నగర్‌ల ఒక వెల్డింగు షాపుల హెల్పర్. ఆ షాపు మూతపడ్డంక గల్ఫ్‌కు పోయిండు, రిఫైనరీల పనికి. శుక్కురారం శుక్కురారం ఫోన్ జేసేటోడు. అక్కడి ముచ్చట్లు అక్కడి మాటలతోనే చెప్పేటోడు. భూమిలకెళ్లి తీసిన నల్ల నూనె పేరు క్రూడ్ అట. దాన్ని మస్తు కాగబెట్టి కాలమ్ అనే పెద్ద స్తంభంలకు తోలుతరట. తేలికది గ్యాసై పైకి పోతదట, నడిమిట్ల పెట్రోలు, కిరసనాయిలు, డీజిలు, అడుగుకు తారు. పొద్దుమాపు ఆరకుంట మండే మంట ఫ్లేర్. అన్ని బందు పెట్టి ట్యాంకులు కడిగి బాగుజేసే కాలం షట్‌డౌన్. మరి నువ్వేం జేస్తవ్ అని అడిగితే, "నేను బయట కూసుంట, నీకెందుకు ఫికర్" అనేటోడు.

మా మరిదికి అది నవ్వులాట. కూసునుడే పనైతే మన గల్లీ మూల మీద జాగ లేదా అన్నా, దానికి విమానం ఎక్కాల్నా అనేటోడు. ఆయన సుత ఫోన్ల నవ్వేటోడు.

అట్లాంటి షట్‌డౌన్లనే పోయిండు. ఆయనతోని ఒక్క రూముల ఉండే తమ్ముడొకడు ఫోన్ జేసిండు, ట్యాంకిల ఊపిరాడక పోయిండు అక్కా అని ఏడ్చిండు. ఇంకేం అడగబుద్ధి కాలే. కంపెనీ తరఫున వచ్చిన మాట ఒక్కటే, రూలు తప్పిండు, తప్పు ఆయనదే. పెట్టె వచ్చింది, పాస్టరయ్య ప్రార్థన జేసిండు, మట్టి జేసినం.

బయట కూసునేటోడు లోపలెట్ల సచ్చిండు? నాకు అదే అనుమానం, మా అత్తకు అదే. తాగి పడ్డడేమో అని మరిది ఒకసారి అన్నడు. ఆయన జన్మల తాగలే. అయినా ఆ మాట ఇంట్లకెళ్లి పోలే. ఏటేటా జ్ఞాపకార్థ కూడిక పెడ్తం. పోయినోళ్ల గురించి ఇంటోళ్లు లేసి నాలుగు మాటలు చెప్పాలె. మా అత్తా నేనూ లేవకపోతుంటిమి. పాస్టరయ్యే ఏదో చదివి ముగించేటోడు.

అమీర్‌పేటల ఒక కోచింగు సెంటర్ల ఊడ్చే పని దొరికింది నాకు. గల్ఫ్ రిఫైనరీలకు పోయేటోళ్లకు నేర్పుతరు ఆడ. నేను వరండా తుడుస్తుంటే లోపల్నుంచి అవే మాటలు, క్రూడ్, కాలమ్, ఫ్లేర్. ఆయన గొంతు లేకుంట ఆ మాటలు ఇనుడు నాతోని కాకపోయేది. చెవుల మీదికి కొంగు కప్పుకొని తుడిచేదాన్ని.

ఒకరోజు సారు కొత్త మాట చెప్పిండు, హోల్ వాచ్ అని. ట్యాంకిలకు మనుషులు దూరే రంధ్రం కాడ బయట ఒకడు కూసుంటడట. లోపలోళ్లను పేరు పెట్టి పిలుస్తనే ఉండాలట, వాళ్లు పలుకుతనే ఉండాలట. చెవుల మీది కొంగు తీసి తలుపు కాడికి జరిగిన.

పోరగాళ్లు చాయ్‌కు పోయినంక అడిగిన. "సార్, లోపలోడు పలకకపోతే?"

"హారన్ కొట్టాలమ్మా. మాస్కులున్న వాళ్లొచ్చేదాకా అక్కడే నిలబడాలి. తను మాత్రం దిగకూడదు. లోపల పడింది సొంత తమ్ముడైనా సరే."

"దిగితే?"

లోపల నైట్రోజన్ అనే గ్యాసు ఉంటే వాసన రాదట, కంటికి కనపడదట, రెండు ఊపిర్లకే మనిషి కూలిపోతడట. ఎందుకమ్మా అడుగుతున్నారు అన్నడు. చెప్పిన. సారు కుర్చీ నా దిక్కు జరిపి కూసున్నడు. లోపలోడి కోసమే దిగుంటారమ్మా, చాలామంది అలాగే పోతారు అన్నడు.

"అయితే తప్పేనా సార్?"

"నేను పిల్లలకి దిగొద్దనే చెప్తానమ్మా. రేపు కూడా అదే చెప్తా."

ఇంటికి పోయినంక ఆ రూము తమ్మునికి ఫోన్ జేపిచ్చిన. లోపలోడి కోసమే దిగిండా అని అడిగితే, అవునక్కా అన్నడు. లోపల ఒకడు పడ్డడు, అన్న పిలిచిండు, పిలిచిండు, హారన్ కొట్టి దిగిండు, ఇద్దరూ రాలే, నీకు తెల్సనుకున్న అన్నడు. ఆ పొద్దు నాకు ఏడుపు రాలే, కోపమొచ్చింది. ఇక్కడ మేం లేమా? ఎవడో పలకకపోతే నువ్వు దిగాల్నా? ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

ఈసారి కూడికల లేసి నిలబడ్డ. హోల్ వాచ్ అంటే ఏందో చెప్పిన, ఎట్ల దిగిండో చెప్పిన. మరిది తలకాయ దించుకున్నడు. అందరు ఆమెన్ అన్నరు. మా అత్త అనలే. అందరు పోయినంక నా చెయ్యి పట్టుకుంది.

"ఆ లోపల పడ్డోనికి తల్లి ఉన్నదా?"

"తెల్వదత్తా."

"నా కొడుకు ఆమె కొడుకు కోసం దిగిండని ఆమెకు ఎవరన్న చెప్పిండ్రా?"

మళ్ల ఫోన్ జేపిచ్చిన. ఆ తమ్మునికి సుత తెల్వదు. వేరే కంపెనీ మనిషట, ఏ దేశపోడో యాదికి లేదన్నడు. అత్తకు అదే చెప్పిన. అయినా శుక్కురారం వస్తే, ఏమన్న తెలిసిందా బిడ్డా అని అడుగుతది.