కొండాపూర్ షెడ్డులో ఆయిల్ మార్చారా

ఈ సంగతి నేను చెప్పని మనిషి లేడు, చివరిదాకా విన్న మనిషీ లేడు. ఆఫీసులో ఎత్తితే క్యాంటీన్‌కి లేచిపోయేవారు. ఇంట్లో ఎత్తితే మా ఆవిడ "మజ్జిగ పొయ్యనా" అనేది. కొండాపూర్ షెడ్డు మేస్త్రీకి రెండు ఉత్తరాలు రాశాను, రెండోది రిజిస్టరు పోస్టులో. అందినట్టు సంతకం వచ్చింది, జవాబు రాలేదు. మా చుట్టాల్లో మాత్రం ఇన్నేళ్ళుగా ఒకటే మాట తిరుగుతోంది: బావమరిది నమ్మి అప్పగించిన కారును నేను చూసుకోక పాడుచేశానని. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. కాగితం మధ్యలో లేచి వెళ్ళిపోదు.

అవి తొంభైల చివరి రోజులు. మాదాపూర్ గుట్టల మధ్య కొత్తగా లేచిన అద్దాల టవరులో, ఒక కంపెనీ స్టోర్సులో నేను పనిచేసేవాణ్ణి. చుట్టుపక్కల ఇంకా బండలు పేలుస్తూనే ఉండేవారు. ఆఫీసు చేరేసరికి చొక్కా కాలరు బూడిదరంగుకి తిరిగేది. ఆ ఏడే మా ఆవిడ తమ్ముడికి విశాఖ బదిలీ అయింది. తన తెల్ల చిన్న కారును మా ఇంటి ముందు పెట్టి, తాళాలు నా చేతికిచ్చాడు.

"మీరు వాడుకోండి బావగారూ. ఆయిల్ ఒక్కటి వేళకి మార్పించండి చాలు. ఇంకేం అడగదు ఇది," అన్నాడు.

వస్తువును తీసుకున్నది తీసుకున్నట్టు తిరిగి అప్పగించడమే స్టోర్సులో నా ఉద్యోగం. అది నాకు వేరే చెప్పాలా అనుకున్నాను కూడా.

మా టవరులో కారున్న వాళ్ళంతా కొండాపూర్ చౌరస్తా దగ్గర ఒక రేకుల షెడ్డుకే వెళ్ళేవారు. పద్ధతి ఏమిటంటే, పొద్దున బండి అక్కడ వదిలి, ఆటోలో ఆఫీసుకు వచ్చి, సాయంత్రం వెళ్ళి తీసుకోవడం. లోపల ఏం జరిగిందో చూసినవాడు ఒక్కడూ లేడు. నేను చూస్తానన్నాను. మేస్త్రీకి నచ్చలేదు.

"మీరు ముందట నిలవడి చూస్తె మా చేతులాడవ్ సార్. ఆఫీసుకు పోండి, ఫికర్ జెయ్యకుండ్రి."

అరగంట నిలబడ్డాను. ఆ అరగంటా నా బండి బానెట్ ఎవరూ ఎత్తలేదు. ఒక మూల బండ్లలోంచి తీసిన నల్ల ఆయిల్ ఒక డ్రమ్ము నిండా ఉంది. కట్టే బిల్డింగుల నుంచి సెంటరింగ్ పనివాళ్ళు డబ్బాలతో వచ్చి ముంచుకుపోతున్నారు. కాంక్రీటు అంటుకోకుండా చెక్కలకు పూస్తారట. "గీ చుట్టుపక్కల ఏ స్లాబు జూసినా నా డ్రమ్ముదే సార్," అని మేస్త్రీ గర్వంగా చెప్పాడు. పాత ఆయిల్‌కి ఇంత గిరాకీ ఉన్నచోట దాన్ని దాచిపెట్టాల్సిన పని లేదు, నిజమే. కానీ అంత పెద్ద డ్రమ్ము చేతికందే దూరంలో ఉంటే, అందులోంచి నాలుగు మగ్గులు వెనక్కి బండిలోకి పోవని ఎవరు చెప్పగలరు?

సాయంత్రానికి బండి తళతళలాడుతోంది. బయటా లోపలా కడిగారు, డాష్‌బోర్డుకి ఏదో మెరుపు పూశారు. మళ్ళీ ఎన్ని కిలోమీటర్లకు రావాలో రాసిన అట్టముక్క స్టీరింగుకి వేలాడుతోంది. కడగమని నేను అడగలేదు. అడగని పని అంత శ్రద్ధగా చేశారంటే అడిగిన పని సంగతేమిటో చూసుకోవాలని నాకు స్టోర్సు నేర్పింది.

మర్నాడు పొద్దున ఆయిల్ కొలిచే కడ్డీ బయటికి లాగి పాత బనీను ముక్కతో తుడిచాను. కొత్త ఆయిల్ తేనెరంగులో ఉండాలి. బనీను మీద పడింది కాటుక.

"ఆ చేతుల్తో పేపరు ముట్టుకోకండి," అంది మా ఆవిడ.

బనీను ముక్క పట్టుకుని తిన్నగా షెడ్డుకి వెళ్ళాను.

"అడుగున పాతది జర ఉండిపోతది సార్," అన్నాడు మేస్త్రీ. "కొత్తది దాన్ల గలిసి గిట్ల కనవడ్తది."

"సరే, ఆయిల్‌తోపాటు తీసేసిన పాత ఫిల్టరు చూపించండి."

"తుక్కుల పోయింది."

"కొత్త ఆయిల్ వచ్చిన డబ్బా?"

"సెంటరింగోళ్ళు తీస్కవోయిండ్రు. ఖాళీ డబ్బ కనవడితె ఇడుస్తరా వాళ్ళు?"

"కొత్త ఫిల్టరు అట్టపెట్టె?"

"పొద్దుగాల చలి పెడ్తుంటె మంటల ఏసినం సార్. గింత అట్టకు ఇంత పరేషానా?"

బెంచీ మీద తన బండి కోసం కూర్చున్న నీలం చొక్కా మనిషి, సీమ యాసవాడు, అప్పుడన్నాడు: "ఏమన్నా, ఆ సార్‌కు రొంత గ్లాసులో పోసియ్యి. తాగి చెప్తాడు పాతదో కొత్తదో."

నలుగురు నవ్వారు. ఆ నాలుగు ముఖాలూ నాకు ఇవాళ్టికీ గుర్తే.

ఇంకోచోట ఆయిల్ మార్పించి ఉండొచ్చు కదా అని అందరూ అడుగుతారు. మార్పిస్తే ఏమయ్యేది? నా చేతిలో ఉన్న ఒక్క సాక్ష్యమూ ఇంకొకడి డ్రమ్ములో కలిసేది, షెడ్డు మేస్త్రీ నిర్దోషి అయ్యేవాడు. నా కళ్ళ ముందు మళ్ళీ మార్చమన్నాను. ఆయన మార్చనన్నాడు. దాదాపు నలభై రోజులు, ఆఫీసుకు వెళ్తూ షెడ్డు ముందు ఆగి, కడ్డీ తీసి ఆయనకు చూపించి మరీ వెళ్ళాను. నడిపింది నేనే. ఆ మాట దాచను. ఆ పట్టుదల తప్పయితే అది నా తప్పే. కానీ అందులో పోసింది నేను కాదు.

ఒకరోజు సాయంత్రం రాయదుర్గం ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్‌లోంచి సుత్తితో కొట్టినట్టు చప్పుడు మొదలైంది; పైకి చేరకుండానే ఇంజన్ బిగుసుకుపోయింది. వెనక కంకర లారీల హారన్లు. నీళ్ళ ట్యాంకరు డ్రైవరు ఒకాయన తాడు కట్టి గచ్చిబౌలిలో వేరే షెడ్డుకి లాక్కెళ్ళాడు. అక్కడి మేస్త్రీ పెద్దవాడు, నెరిసిన గడ్డం, మాట తక్కువ. మా బావమరిది వచ్చేదాకా ఇంజన్ విప్పొద్దని ఆయనతో చెప్పాను. రెండో మనిషి కళ్ళతో చూడాలని నా పట్టు.

బావమరిది రైల్లో వచ్చాడు. పెద్ద మేస్త్రీ ముందుగా ఫిల్టరు విప్పాడు. దాన్ని వెలుతురుకేసి తిప్పి, పైన పేరుకున్న మడ్డిని బొటనవేలితో తుడిచి, కాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఆఖరికి ఆయిల్ ఏడ మార్పిచ్చిండ్రు సార్?"

కొండాపూర్ షెడ్డు అని చెప్పాను. ఆయన ఫిల్టరును వెనకనున్న తుక్కు కుప్పలోకి విసిరేశాడు. నేను వెళ్ళి వంగి వెతికాను. అలాంటి నల్లటివి యాభై ఉన్నాయి.

"ఏం చూశారో చెప్పండి," అన్నాను.

"ఇంకో మేస్త్రి చేతిపని మీద నేను మాట్లాడ సార్. మా తాన ఆ రివాజు లేదు."

"మరి ఇంజన్ ఎందుకు పోయిందండీ?" అని బావమరిది అడిగాడు.

"బండల దుమ్ముల తిరిగిన బండి. దినాం జూసుకోవాలె," అన్నాడాయన, బావమరిది మొహం చూడకుండా.

నలభై రోజులు దినం తప్పకుండా కడ్డీ తీసి చూసిన మనిషి అక్కడే నిలబడి ఉన్నాడు. బావమరిది నావైపు తిరిగి మెత్తగా అన్నాడు: "పోన్లెండి బావగారూ." తిట్టి ఉంటే బాగుండేది. అయిదారు నెలలకు బదిలీ మీద తిరిగొచ్చాడు; తర్వాత ఓసారి ఊరెళ్తూ ఇంటి తాళాలు మేడమీది వాళ్ళకిచ్చి వెళ్ళాడు. మేము రెండు వీధుల అవతలే ఉంటాం.

కొండాపూర్ షెడ్డు ఇప్పుడు లేదు, ఆ మేస్త్రీ ఎక్కడికి పోయాడో తెలియదు. గచ్చిబౌలి పెద్ద మేస్త్రీ మాత్రం ఉన్నాడు. పోయినేడు వెతుక్కుంటూ వెళ్తే గుర్తుపట్టి, కుర్చీ వేసి, చాయ్ తెప్పించాడు.

"ఇంక గదేనా సార్? ఇడ్సిపెట్టుండ్రి ఇగ."

చాయ్ తాగలేదు.

మేస్త్రీగారూ, మీ కొడుకులెవరైనా ఇది మీకు చదివి వినిపిస్తారని రాస్తున్నాను. మీరు ఏ షెడ్డు పరువు కాపాడారో ఆ షెడ్డే లేదు. మీ బొటనవేలి కింద ఉన్న ఫిల్టరు కొత్తదా, పాతదా? ఒక్క మాట. నాకు చెప్పనక్కర్లేదు. మా బావమరిదిని మీ దగ్గరికి తీసుకొస్తాను, ఆయన మొహం చూసి చెప్పండి.