కింద మిగిలిన గుడిసె

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే బస్సులో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని విసుక్కుంటున్నాను. సాయంత్రానికి ఇవ్వాల్సిన ప్రోగ్రాం బిల్డ్ కావడం లేదు. అది వాడుకునే రెడీమేడ్ కోడ్, అంటే లైబ్రరీ, కొత్త వెర్షన్‌ని నాలుగుసార్లు ఇన్‌స్టాల్ చేశాను. అయినా ప్రోగ్రాంని బిల్డ్ చేసే కంపైలర్ మాత్రం ఆ కొత్త వెర్షన్ లేదనే అంటోంది.

పక్క సీట్లో చీపుళ్ల కట్టతో కూర్చున్న అవ్వ నన్నే చూస్తోంది.

"ఏంది బిడ్డా, దాన్ని గట్ల కొడుతున్నవ్?"

"కావాల్సింది ఇందులోనే ఉందవ్వా. దీనికే కనపడ్తలేదు."

"ఏడ దేవులాడుతుందో చూసినవా?"

చూడలేదు. నాలుగుసార్లూ ఉందో లేదో మాత్రమే చూశాను.

"గోదారి వచ్చిపోయినంక మా గూడెమంతా గుట్ట మీదికి పోయింది," అంది అవ్వ. "కింద ఒక్క గుడిసె మిగిలింది. కొత్త నర్సమ్మ టీకాల డబ్బా పట్టుకొని ఆడికే వచ్చేది. తాళం చూసి, ఎవ్వరూ లేరని రాసుకొని పోయేది. పిల్లలకు రెండుసార్లు సూదులు తప్పినయ్."

"మరేం చేసిన్రు?"

"గుడిసె పీకేసినం. ఆడ ఏం లేకపోయేసరికి, ఊరేదని అడిగి గుట్టెక్కింది."

సెట్టింగులు తెరిచాను. కంపైలర్ వెతికే చోట్ల జాబితాలో అన్నిటికంటే ముందు ఎప్పటిదో పాత ఫోల్డర్ ఉంది. అందులోని పాత లైబ్రరీని చూసి అది అక్కడే ఆగిపోతోంది. ఆ ఫోల్డర్ తీసేశాను. బిల్డ్ అయింది.

సంతోషంలో అడిగాను. "ఆ గుడిసె ఎవరిదవ్వా?"

"నాదే," అని కట్ట సర్దుకుని దిగిపోయింది.

ఇప్పటికీ పాత ఫోల్డర్ ఏదైనా తీసేసే ముందు నా వేలు ఒక్క క్షణం ఆగుతుంది.