ముందు తన చేయి చాపిన మనిషి

ఓబులేసు సారు ఇక లేరని కడప నుంచి ఫోన్ వస్తే నమ్మలేదు. ఏ మాటనైనా నమ్మే ముందు రెండో మనిషిని అడగమని నేర్పింది ఆయనే. అడిగాను. నిజమే, గుండె ఆగిందట. ఇంజినీరింగ్ విద్య నేర్పి, తన ప్రయోగశాలలో చోటిచ్చిన గురువర్యుల హఠాన్మరణం నన్ను నిశ్చేష్టుణ్ణి చేసింది.

షుగరు పుండ్లు మానక కాళ్ళు పోగొట్టుకునే పేదల కోసం ఆయన చవకైన ప్లాస్మా పరికరం చేశారు. పెన్ను లాంటి గొట్టం కొసన వచ్చే ఊదా వెలుగు పుండులోని క్రిములను చంపుతుంది, చర్మాన్ని కాల్చదు. వేడి గానీ కరెంటు గానీ హద్దు దాటితే మిషన్‌ను ఆపేసే భాగం ఒకటి లోపల ఉంటుంది. సారు దాన్ని ‘కావిలి’ అనేవారు. ఆయన అనుమానమంతా దాని మీదే. నిన్న పనిచేసింది కదా సార్ అంటే, "నిన్నటి మాట నిన్నటిదే. ఈ పొద్దు చూసినావా?" అనేవారు.

ఆసుపత్రిలో ఆ వెలుగు చూసి, మంగంపేట దగ్గరి పల్లె నుంచి వచ్చిన దీనమ్మ కాలు వెనక్కి లాక్కుంది. చిన్నప్పుడు కామెర్లకు వాతలు పడిన మనిషి. "ఏమప్పా, మళ్ళా వాతలు పెడతాండావా?" అంది. డాక్టరు కసరబోతే సారు ఆపారు. "ఆయమ్మ అనుమానపడేదే మంచిది" అంటూ చొక్కా చేయి మడిచి, వెలుగును తన ముంజేతి మీద పెట్టుకున్నారు. దీనమ్మ ఆ చోటు తడిమి, "సల్లగానే ఉండాది" అని కాలు చాపింది. అప్పటి నుంచి ఏ రోగికైనా ముందు ఆయన చేయే.

సారు భౌతికకాయం ఇంకా ఇంట్లో ఉండగానే మిషన్లమ్మే వ్యాపారి ఒకాయన వచ్చాడు. అతను తెచ్చిన దండ బరువు చూస్తేనే నాకు అనుమానం. కళ్ళొత్తుకుని నా పక్కన చేరి, "మిషన్ యాడ ఉండాదప్పా? ఆ కావిలి తీసేస్తే శానా చవగ్గా వస్తాది. ఊరూరా అమ్మొచ్చు, సారుకూ పేరు" అన్నాడు. బతికుండగా ఇదే మాటకు సారు, "కావిలి తీసేస్తే అది వైద్యం కాదప్పా, వాతే" అని అతణ్ణి గుమ్మం బయటే నిలబెట్టారు.

సారు భార్య ప్రయోగశాల తాళాలు నా చేతికిచ్చారు. వ్యాపారి అక్కడికీ వచ్చాడు. కావిలి తీగ ఊడదీసి, "ముందు నీ చేయి పెట్టన్నా" అన్నాను.

"నేనెందుకప్పా? రోగులుండారు గదా!"

మిషన్ ఇవ్వనని చెప్పి పంపేశాను. తీగ బిగించి, పనిచేస్తోందో లేదో మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను.

తర్వాత ఆసుపత్రిలో పుండు చూపించుకోవడానికి దీనమ్మ వచ్చింది. సంగతి విని బోరున ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, "ఇంగ ముందు ఎవురి సెయ్యి పెడతారప్పా?" అంది. చొక్కా చేయి మడిచి, వెలుగును నా ముంజేతి మీద పెట్టుకున్నాను. గురువుగారికి నేనర్పించగల నివాళి అదే. ఆ చోటును దీనమ్మ తడిమింది, ఇంకోసారి తడిమింది. కాలు మాత్రం ఇంకా చాపలేదు.